జీపు కంటే ముందొచ్చిన నీడ

పొద్దున్నే లేచి దేవయ్య చేసే మొదటి పని జీపు నీడ చుట్టూ నీళ్లు చల్లడం. దుమ్ము లేవకూడదని సేటు ఆజ్ఞ. తర్వాత నీడ పడే చోట ఎవరైనా సైకిల్ నిలబెట్టి పోయి ఉంటే పక్కకు జరిపేవాడు. బానెట్ నీడ మీద గోటీలాడే పిల్లలను అదిలించేవాడు. ఉద్యోగమంటే ఇంతే. ఇందుకు నెలనెలా జీతం ముడుతోంది. జీపు మాత్రం ఇంకా రాలేదు.

సేటు అంటే లక్ష్మీనర్సయ్య, ఆర్మూర్‌లో పసుపు అడ్తి వ్యాపారి. ఎనభైల చివర్లో ఆయన మనసు డీజిల్ జీపు మీదికి పోయింది. అదీ మామూలు జీపు కాదు, నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ జీపు. వానకాలంలో ఎడ్లబండి కూడా దిగబడే నల్లరేగడి చేన్లలోకి నేరుగా పోయి, పంట చూసి, మార్కెట్‌కు రాకముందే బేరం కుదుర్చుకోవాలని ఆయన ఆశ.

"అన్ని జీపులకు నాలుగు గిర్రలే గదా సేటూ, గీ జీపుకేంది గొప్ప?" అని అడిగింది ఎదురింటి అరుగు మీద బీడీలు చుట్టే రత్నవ్వ.

"నాలుగుండుడు వేరు, నాలుగు గుంజుడు వేరు. మీ ఇంట్ల నలుగురు కొడుకులున్నరు. నలుగురు పని చేస్తున్నరా?" అన్నాడు సేటు.

రత్నవ్వ ఇంకో బీడీ ఆకు అందుకుంది.

దసరాకు బండి ఇస్తామని నిజామాబాద్ షోరూం వాళ్లు మాటిచ్చారు. సేటు పూలదండ, కొబ్బరికాయ, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెప్పించి కూర్చున్నాడు. తీరా పండుగ పొద్దున ఫోన్ చేస్తే, "వచ్చే సోమవారం, పక్కా" అన్నారు. బండి రాలేదు గానీ నీడ వచ్చింది. మంచి ఎండలో పెర్కిట్ వైపు నుంచి రోడ్డు మీద జారుకుంటూ వచ్చి, అంగడి మలుపు తిరిగి, సేటు ఇంటి ముందు ఆగింది.

"నీడనన్న టైముకు పంపిండ్రు, నయమే," అన్నాడు సేటు. ముహూర్తం దాటనీయడం ఎందుకని నీడకే పూజ చేయించాడు. నేల మీద పసుపు, కుంకుమ పెట్టారు. నాలుగు చక్రాల నీడల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. అవి నలగలేదు. రత్నవ్వ వాటిని ఎత్తుకుపోయి తొక్కు పెట్టింది.

దేవయ్య ఆ రోజే డ్రైవర్‌గా కుదిరాడు. సౌదీలో కొన్నేళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపి, ఏజెంటు చేసిన మోసంతో ఒక టేప్‌రికార్డరూ, చిటికెన వేలు లేని కుడిచెయ్యీ వెంటబెట్టుకుని తిరిగొచ్చినవాడు. వేలు ట్యాంకర్ మూత కింద పోయింది. ఊళ్లో డ్రైవర్లు ఎక్కువ, బండ్లు తక్కువ. భార్య గంగామణి చుట్టే బీడీల మీద ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది? అందుకే నీడకు కాపలా అన్నా కళ్లకద్దుకున్నాడు.

నీడ వచ్చాక వాడకట్టు ఆడవాళ్లకు సుఖమైంది. మిట్టమధ్యాహ్నం నీడ ముడుచుకుపోయినా పైన బండి లేదు కాబట్టి ఎంచక్కా అందులో కూర్చోవచ్చు. గంగామణి, రత్నవ్వ, ఇంకో ఇద్దరు చాటలు ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించుకుంటూ, జీపులో షికారు పోతున్నట్టు కబుర్లు చెప్పుకునేవాళ్లు.

సోమవారాలు పోతున్నాయి. ఈలోపు నీడలో మార్పులు వచ్చాయి. ఒకరోజు దాని నెత్తిన సామాన్ల క్యారియర్ కనిపించింది. "పెట్టియ్యాలనే అనుకున్న," అని సేటు సంబరపడ్డాడు. మరో రోజు బానెట్ పైకి లేచి, సాయంత్రం దాకా దిగలేదు. సేటు షోరూంకు ఫోన్ చేసి తిట్టాడు.

"మీరిచ్చిన బండి అప్పుడే ఖరాబైంది!"

"బండి ఇంకా మాకే రాలేదండి," అన్నారు అటువాళ్లు.

"అది నాకెర్కలేదు. వచ్చేటప్పుడు బాగుజేసి పంపుండ్రి."

చలి శివశివా అనుకుంటూ పోయింది. ఊరి చుట్టూ పసుపు ఉడకబెట్టే కడాయిల పొగ, ఆ వాసన. శివరాత్రి మర్నాడు పొద్దు గూకే వేళ నీడ ఎప్పటిలాగే పొడుగ్గా సాగింది. సాగుతూ సాగుతూ దాని కప్పు ఒక పక్కకు నలిగిపోయింది. ముందు చక్రం ఒకటి మాయమైంది. డ్రైవర్ వైపు కిటికీలోంచి ఒక చెయ్యి కిందికి వేలాడింది. ఆ చేతికి నాలుగే వేళ్లు.

రత్నవ్వ కత్తెర ఆగిపోయింది. ఆమె నీడను చూసింది, తర్వాత దేవయ్య కుడిచేతిని చూసింది, తర్వాత తల వంచుకుని చాటలోని తంబాకు అనవసరంగా సర్దింది. గంగామణి కట్ట కట్టకుండానే లేచి ఇంటికి పోయింది. దేవయ్యకు చూడకుండా ఉండడం చేతకాలేదు. దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. అతని చేతి నీడ పోయి ఆ నీడలో అచ్చు గుద్దినట్టు ఇమిడిపోయింది. అంతలో పొద్దు గూకింది, రెండూ కనిపించకుండా పోయాయి.

"నౌకరి ఒద్దు," అంది గంగామణి, అన్నం పెడుతూ.

"ఇంకా బండే రాలే గదనే."

"బండి రాకముందే చెయ్యి వచ్చింది. ఇంకేం గావాలె నీకు?"

ఆ తర్వాత రోజూ అదే వరస. పగలంతా నిక్షేపంగా ఉండే నీడ, పొద్దు గూకే ముందు ఓ రెప్పపాటు నలిగి, చెయ్యి వేలాడేసి, చీకట్లో కలిసిపోయేది. సేటు ఆ సమయానికి దుకాణంలో ఉండేవాడు. ఎవరో చెబితే నవ్వి, "నీడకు దెబ్బ తగిలితే బండికి తగిలినట్టా?" అన్నాడు. ఆయన భార్య గంగాబాయి మాత్రం తలుపు చాటున నిలబడి రోజూ చూసేది. దేవయ్య ముఖం చూడలేక లోపలికి పోయేది.

ఉగాది వెళ్లాక ఎట్టకేలకు జీపు వచ్చింది. తళతళలాడుతూ వచ్చి తన నీడ మీద తానే నిలబడింది. గంగాబాయి కొబ్బరికాయ తెస్తుంటే, "ఒక్క బండికి రెండు పూజలు జేస్తరా? దసరాకే అయింది," అని సేటు అడ్డం పడ్డాడు. తాళంచెవి దేవయ్య ముందు చాపాడు. దేవయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాతోని గాదు సేటూ."

"ఏం? ఇన్ని నెలలు నీడకు జీతం తిన్నవ్. బండి రాంగనే కాదంటవా?"

"నీడకైతే కాపలుంట. బండి మాత్రం ఎక్క."

సేటుకు రోషమొచ్చింది. ఎప్పుడో కుర్రతనంలో ట్రాక్టర్ నడిపిన ధైర్యంతో తనే స్టీరింగ్ పట్టాడు. దేవయ్య మళ్లీ రోడ్డున పడ్డాడు.

అయితే జీపు సేటుకు లొంగలేదు. పొద్దున్నే తాళం తిప్పితే దగ్గడమే తప్ప స్టార్ట్ కాదు. హమాలీలు తోస్తే నాలుగడుగులు పోయి ఆగేది. ఒకరోజు గేరు ఇరుక్కుంటే ఇంకోరోజు రేడియేటర్ కారేది. "కొత్త బండికి ఇవన్నీ మామూలే, కొత్తకోడలు సర్దుకున్నట్టు అదే సర్దుకుంటుంది," అన్నారు షోరూం వాళ్లు. వాళ్ల మెకానిక్ వచ్చిన పూట బాగుండేది. అతను బస్సెక్కగానే మళ్లీ మొదలు. అడివిలో కూడా పోయే ఫోర్‌వీల్ జీపు ఆర్మూర్ పొలిమేర దాటకుండా ఎండాకాలం సగం గడిచిపోయింది. సేటు చిటపటలాడేవాడు. బండి కదలని రోజున గంగాబాయి వండిన కూరలో ఉప్పు సరిగ్గా పడేది. ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

స్టార్ట్ కాకపోవడానికి కారణం దేవయ్యకు మొదటి రోజే తెలుసు. సౌదీలో ట్యాంకర్‌కూ అదే రోగం. డీజిల్ పైపు జాయింట్‌లో వాషర్ సరిగ్గా కూర్చోక రాత్రిపూట గాలి పీల్చుకుంటుంది. చిన్న పని. కానీ దగ్గరికి పోతే మళ్లీ తాళంచెవి చేతిలో పెడతారని భయం. బండి కదలకపోతే తన చెయ్యి తన దగ్గరే ఉంటుంది. నోరు మూసుకుని ఊరుకున్నాడు.

ఒకరోజు రత్నవ్వ రొప్పుతూ వచ్చింది. "సేటు బానెట్ల చెయ్యి వెట్టిండట. ఫ్యాన్ బెల్టు గుంజుకుంది. దవాఖానకు తీస్కవోయిండ్రు."

"ఏమైంది?" అన్నాడు దేవయ్య.

"వేలు వోయింది. చిటికెన వేలు."

"ఏ చెయ్యి?"

రత్నవ్వ అతని కళ్లలోకి చూడకుండా చెప్పింది. "కుడిదే."

పాపం అనాలి. దేవయ్య పాపం అనే అన్నాడు. కానీ లోపల గుండె మీంచి బండరాయి దొర్లినట్టయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, అతనికి సంతోషం కలిగింది. ఆ పూట గంగామణి గుడ్లు తెచ్చి వండింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కడుపునిండా తిన్నారు. శివరాత్రి తర్వాత దేవయ్య ఒళ్లు మరిచి నిద్రపోయింది ఆ రోజే.

సేటు కట్టు విప్పిన నాడు గంగాబాయి దేవయ్య ఇంటికి నడిచి వచ్చింది. అంతటి సేటు భార్య ఆ సందులోకి రావడం అదే మొదలు. గంగామణి పీట వేస్తే కూర్చోలేదు.

"తమ్మీ, నువ్వు నడుపు. నువ్వు పట్టుకుంటే ఆయన పక్కన కూసుంటడు. నీకు పనితనముంది, ఇద్దరు బతుకుతరు. ఆయన చేతుల ఉంటే ఆయన దక్కడు," అంది.

దేవయ్య గంగామణి వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నడుపుడైతే నాతోని గాదమ్మా," అన్నాడు నేల చూస్తూ. ఏదో ఒకటి ఇవ్వకపోతే ఆమె అక్కడే నిలబడేలా ఉంది. "బండి బాగుజేసిస్త. ఇంక మళ్ల బానెట్ల చెయ్యి వెట్టే పని లేకుంట."

గంగాబాయి గుమ్మం వైపు తిరిగింది. "బండి బాగుగావాలని నేను అడుగలే తమ్మీ," అని వెళ్లిపోయింది.

ఆ మాట అప్పుడు దేవయ్యకు ఎక్కలేదు. మంచి చేస్తున్నాననే తొందరలో ఉన్నాడు. తెల్లారి పానా పట్టుకుని సేటు ఇంటికి పోయాడు. వాషర్ మార్చి, పంపు కొట్టి, పైపులోని గాలంతా తీసి, డీజిల్ బుడగల్లేకుండా వచ్చేదాకా చూసి బిగించాడు. "తిప్పుండ్రి సేటూ," అన్నాడు.

మొదటిసారి తిప్పగానే స్టార్టయింది. అంత నున్నటి చప్పుడు ఆ ఇంజిన్ వచ్చిన నాటి నుంచి చెయ్యలేదు. సేటు పసిపిల్లాడిలా హారన్ కొట్టాడు.

"ఇన్ని రోజులు యాడ దాచినవ్‌ర గీ ఇద్దె? ఎక్కు, ఇందల్వాయిల పసుపు సూసొద్దాం."

"మీరు పోయిరాండ్రి సేటూ. నాకు పనుంది."

గంగాబాయి గుమ్మంలో నిలబడి ఉంది. సేటు డ్రైవర్ సీట్లో సర్దుకుని, నాలుగు వేళ్ల చేతిని దర్జాగా కిటికీ మీద వేశాడు. జీపు కదిలింది. దాని వెంట నీడ కదిలింది. అప్పుడు దేవయ్యకు తెలిసింది, ఇన్నాళ్లూ ఆ మనిషిని బతికించింది ఏమిటో. బండి ఆలస్యంగా వచ్చినన్నాళ్లు, వచ్చాక మొరాయించినన్నాళ్లు ఆయన ఆయుష్షే పెరుగుతూ వచ్చింది. పానా కింద పడేసి, "సేటూ, ఆగుండ్రి!" అని అరుస్తూ పరుగెత్తాడు. అంగడి మలుపు దాకా పరుగెత్తాడు. బాగుపడిన బండి ఆగదు కదా.

పొద్దు వాలుతుండగా నీడ ఒక్కటే తిరిగి వచ్చింది. ఈసారి సేటు ఇంటి ముందు ఆగలేదు. సందు తిరిగి దేవయ్య ఇంటి ముందుకొచ్చి నిలబడింది. కప్పు బాగానే ఉంది, చక్రాలు నాలుగూ ఉన్నాయి, కిటికీలో చెయ్యి లేదు. పొద్దు గూకే క్షణం వచ్చినా ఏమీ నలగలేదు. కాసేపటికి పెర్కిట్ నుంచి వచ్చిన ఆటో అతను, ఇందల్వాయి దాటినంక అడివి మలుపులో జీపు బోల్తా పడిందనీ, జనం చేరేసరికి సేటు చెయ్యి ఒక్కటే కిటికీ బయట వేలాడుతోందనీ చెప్పాడు.

దేవయ్య మళ్లీ ఏ బండీ నడపలేదు. పొద్దున్నే లేచి నీడ చుట్టూ నీళ్లు చల్లుతాడు. ఇప్పుడు జీతం లేదు. బీడీల ఆడవాళ్లు చాటలు ఎత్తుకుని అక్కడికే చేరారు. నీడ ఎక్కడుంటే అక్కడ కూర్చోవాలి కదా.

సేటు దినాలు అయ్యాక గంగాబాయి ఆ సందులోకి రెండోసారి వచ్చింది. వాళ్ల మధ్య, డ్రైవర్ పక్క సీటు నీడ పడే చోట కూర్చుంది. దేవయ్య చెంబు పట్టుకుని నిలబడిపోయాడు. నువ్వే బాగుచేసి పంపావని ఆమె అంటుందనుకున్నాడు. అంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

"తమ్మీ, మొదటిపారి గూడ గిట్లనే గదా," అంది గంగాబాయి. "నీడ ముందుగాల వచ్చింది. బండి ఎనక వచ్చింది."

"అవునమ్మా."

"మరి గీసారి ఎప్పుడొస్తదంటవ్?"

రత్నవ్వ కత్తెర ఆగింది. గంగామణి చాటలోంచి తల ఎత్తలేదు. దేవయ్య చెంబులో మిగిలిన నీళ్లు నీడ అంచున చల్లాడు.

"వచ్చే సోమారం అమ్మా," అన్నాడు. "పక్కా."

గంగాబాయి తల ఊపి, ఎండ తగలకుండా ఇంకొంచెం లోపలికి జరిగి కూర్చుంది.