రెండు దుంగల దగ్గర ఆగిన బాట

ఉదయం తొమ్మిదిన్నరకు బాట వేసేవాళ్ళు పని ఆపారు. ఏ దుంగను కోయాలో తేలలేదు.

అది గొడ్డలి ఎరగని అడవి. పడిన మాను పడినచోటే కుళ్ళుతుంది. అందులో కాలిబాటను వెడల్పు చేస్తున్నారు. ఒక పక్క బండ, ఒక పక్క లోయ, నడుమ రెండు దుంగలు. ఒకటి తీస్తే దారి సరిపోతుంది.

పన్నెండేళ్ళ కిందట గాలివానకు అక్కడ ఒక మాను కూలి ఫారెస్టు గార్డు మీద పడింది. అతను చనిపోయాడు. ఆ మానును కోయవద్దని అతని భార్య అడిగింది. అధికారులు ఒప్పుకున్నారు. ఆ మాను ఏదో చూపించడానికి ఆమె, గార్డు చెల్లెలు వచ్చారు.

వాలులో పైవైపున్న దుంగ రాళ్ళ మీద ఆనుకుని గట్టిగా ఉంది. మధ్యలో రంపంతో కోసి తీసిన ఖాళీ ఉంది. కింది దుంగ నాచు దిబ్బయింది. దాని మీద మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. భార్య చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది.

"ఇది కాదు. పన్నెండేళ్ళకే ఇంత మట్టయిపోతుందా? ఆ పైదే. ఆయన్ని తియ్యడానికి కోసిన చోటు అదిగో."

"దారికడ్డమని కోసుంటారు వదినా. అన్నయ్య మీద పడ్డది ఇదే. ఈ బండకానుకునే నేను ఏడ్చా."

"నువ్వు స్పృహ తప్పావు. ఎక్కడ కూర్చున్నావో నీకేం తెలుసు?"

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు!"

భార్య బాట పని మేస్త్రి వైపు తిరిగింది. "మెత్తగా ఉంటే పాతది, గట్టిగా ఉంటే కొత్తది. అంతేగా?"

"అలా చెప్పలేమమ్మా. నేలకానుకున్నది తడి తాగి తొందరగా కుళ్ళుతుంది. రాళ్ళ మీదున్నది ఎండి అలాగే ఉంటుంది. పైది ముందు పడుండొచ్చు, తర్వాతా పడుండొచ్చు."

"మరి ఏది?"

"తెలిస్తే పొద్దుట్నుంచి రంపం పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడతానా?"

ఆ రోజు గార్డును బయటికి తీసిన జీపు డ్రైవరుకు, సిగ్నల్ కోసం బండ ఎక్కి, భార్య ఫోన్ చేసింది.

"ఆ రోజు వాన కొడుతోందక్కా," అన్నాడతను. "నేను మానును చూళ్ళేదు. అన్నను చూశా."

"కోశారా, లేదా?"

"కోశామనే గుర్తు. గునపాలతో లేపామేమో మరి."

ఫోన్ పెట్టేశాక ఆమె పై దుంగ ఖాళీలోకి వెళ్ళి నిలబడింది. తిరిగి కిందిదాని దగ్గరికి వచ్చింది.

"ఆయన రక్తం ఇంకింది వీటిల్లో ఒకదాన్లోనే," అంది ఆడబిడ్డతో. "నువ్వే చెప్పు."

"ఇందాక చెప్తే విన్నావా?"

"ఇప్పుడు వింటా."

చెల్లెలు రెండు దుంగలనూ చూసింది. "నాకూ అనుమానంగానే ఉంది వదినా."

"మరి నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు మేస్త్రి.

"కొయ్యకు," అంది భార్య.

"ఏది కొయ్యొద్దు?"

ఆమె వెళ్ళి రెండు దుంగల నడుమ కూర్చుంది.

సాయంత్రం మేస్త్రి రంపాన్ని సంచిలో పెట్టుకుని దిగిపోయాడు. మరుసటి వారానికి కూడా కొత్త బాట ఆ రెండు దుంగలకు ఇవతలే ఆగి ఉంది.