రేపటి నీళ్ళు

వదిన పొద్దున్నే కొట్టు తెరిచి ముందుగా అద్దం తుడుస్తుంది. తర్వాత అద్దం కింద ప్లాస్టిక్ టబ్బు పెడుతుంది. రేవుకి దిగే ఆ వీధిలో డైవింగ్ సామాను అమ్మే కొట్లు ఇంకా ఉన్నాయి గానీ, మాస్కు కావాలంటే మాత్రం అందరూ ఇక్కడికే వస్తారు. ఈ కొట్లో మాస్కు మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చగానే, ఈసారి నీళ్ళలో దిగినప్పుడు అందులోకి ఎన్ని నీళ్ళు రావాలో అన్నీ అప్పుడే వచ్చేస్తాయి. పొడిగా ఉంటే కొనుక్కుంటారు. కారితే టబ్బులో వంచేసి ఇంకోటి చూస్తారు. చెప్పుల కొట్లో నాలుగడుగులు వేసి చూసుకోమూ, అలాగే.

"ముక్కూ మొహం తెలియనివాడికి చొక్కా అమ్మొచ్చు, మాస్కు అమ్మలేం," అంటుంది వదిన. స్నేహితుడికి బహుమతిగా ఇస్తామని వచ్చేవాళ్ళని, ఆ స్నేహితుణ్ణే తీసుకురమ్మని పంపేస్తుంది. పట్టీ తలకి తగిలించకుండా మాస్కుని మొహానికి ఆనించాలి. అంచుల కింద వెంట్రుక కూడా ఉండకూడదు. గాలి పీల్చి చేతులు వదిలేస్తే అది గోడ మీద బల్లిలా అంటుకుని ఉండాలి. జనం చేసే తప్పు ఎప్పుడూ ఒకటే. కారుతోందని పట్టీ బిగిస్తారు. బిగించినకొద్దీ రబ్బరు మడతపడి ఇంకా కారుతుంది.

ఆ రోజు మొదటి బేరం ఒక స్కూలు మాస్టారు. ఆయన మీసం కింద నుంచి క్లోరిన్ వాసనేస్తూ నీళ్ళు ధారకట్టాయి.

"ఈతకొలనేనా మాస్టారూ?"

"అవునమ్మా. మనవరాలు నేర్చుకుంటోంది. నన్నూ దిగమంటుంది."

"మీసం అంచు కాస్త కత్తిరించుకోండి, చాలు. మొత్తం తీసేస్తే ఇంట్లో గుర్తుపట్టరు."

మాస్టారు నవ్వుకుంటూ అద్దం ముందు కత్తెర పట్టుకున్నాడు. అప్పుడే వదిన మరిది గబగబా లోపలికొచ్చాడు. బయట ఆగిన వ్యాను అప్పటికే హారన్ కొడుతోంది.

ఊళ్ళో అతన్ని బుడుంగు అంటారు. చిన్నప్పుడు ఎక్కడ నీళ్ళు కనిపిస్తే అక్కడ బుడుంగున మునిగేవాడు. పెద్దయ్యాక అదే పనైంది. పడవల అడుగున చిక్కుకున్న తాళ్ళు కోస్తాడు, మునిగిపోయినవాటికి గొలుసులు తగిలిస్తాడు. చెవికి జబ్బు చేసి చాలాకాలం ఇంట్లో కూర్చున్నాక ఇదే మొదటి పిలుపు. పాత మాస్కు అద్దం నిన్న సర్దుకుంటుంటే పగిలింది.

"వదినా, ఒక మాస్కు పడెయ్. రేపు పొద్దున్నే దిగాలి. మేస్త్రీకి కోపం ముక్కు మీదే ఉంది."

"ముక్కు మీద కోపం పెట్టుకుంటే ఆయన మాస్కు కారుతుంది. నువ్వు కూర్చో. ఎక్కడ పని?"

"రేవు బయట ఇసుక పడవ మునిగిందిగా, అది. ఇంజను గదిలోకి వెళ్ళి గొలుసు తగిలించాలి."

"లోపలికా?"

"పైన తగిలించడానికైతే నేనెందుకు?"

వదిన అతని దవడలూ కణతలూ కంటితోనే కొలిచి, పై అరలోంచి సన్నంచు నల్ల మాస్కు తీసింది. మరిది మొహానికి ఆనించి గాలి పీల్చి చేతులు వదిలాడు. అచ్చు అతని మొహానికే పోత పోసినట్టు అంటుకుంది.

మామూలుగా అయితే ఏ మూల నుంచో నాలుగు చుక్కలు జారతాయి. ఇది కారలేదు, నిండింది. గడ్డం పక్క నుంచి నల్లటి నీళ్ళు ఎక్కి, కళ్ళు దాటి, కనుబొమలు ముంచి, అద్దం పై అంచు దాకా వచ్చి ఆగాయి. అందులో తుప్పు పెచ్చులు తేలాయి. మరిది మాస్కు లాగేసి దగ్గాడు. నీళ్ళు దభీమని టబ్బులో పడ్డాయి. కొట్టంతా డీజిల్ కంపు.

"సరిగ్గా పెట్టుకోలేదేమో," అన్నాడు.

వదిన ఆ మాస్కు పక్కన పెట్టింది. ఇంకోటి ఇచ్చింది. అదీ నిండింది. రెండు అద్దాలది ఇచ్చింది. రెండూ ఒకేసారి నిండాయి. ఎవరికీ చూపించకుండా సొరుగులో దాచిన మెత్తటి మాస్కు కూడా తీసింది. అన్నిటికన్నా బాగా అమరింది, అన్నిటికన్నా తొందరగా నిండింది. మాస్టారి కత్తెర చప్పుడు ఆగింది. ఆయన కొన్నదేదో చంకలో పెట్టుకుని మెల్లగా బయటికి నడిచాడు.

మేస్త్రీ లోపలికొచ్చాడు. "పెళ్ళిచూపులా ఏంట్రా? ఎంతసేపు?"

వదిన టబ్బు చూపించింది.

"ఏ మాస్కులోకి రావమ్మా నీళ్ళు? ముక్కుతో ఊదితే పోతాయి." మేస్త్రీ బల్ల మీది మాస్కు తీసి తన మొహానికి పెట్టుకుని గట్టిగా పీల్చాడు. లోపల చుక్క లేదు. "చూశారా? సామాను బంగారంలా ఉంది."

"మీరు దిగరుగా మేస్త్రీగారూ. మేస్త్రీల మాస్కులు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి."

మేస్త్రీ మొహం ఎర్రబడింది. మరిది వైపు తిరిగాడు. "నాకు గొలుసు తగలాలి, అంతే. నీకు భయమైతే ఇప్పుడే చెప్పు. నీ బదులు దిగడానికి పొడుగాయన సిద్ధంగా ఉన్నాడు." మాస్కు బల్ల మీద పడేసి వ్యానులోకి వెళ్ళి మళ్ళీ హారన్ మీద చెయ్యి పెట్టాడు.

"వెళ్ళకు," అంది వదిన. "మీ అన్నతోపాటు సిలిండర్లకి గాలి నింపుకో. అదీ పనే."

వెనక గదిలో అన్న నడిపే గాలి యంత్రం గుర్రుమంటోంది. ఆ రొదలో ఆయనకి ముందు గది మాటలేవీ వినపడవు.

"నేను వెళ్ళకపోతే పొడుగాయన దిగుతాడు వదినా." మరిది టబ్బులోకి చూశాడు. "ఈ నీళ్ళు నా మొహాన్ని బట్టి రాలేదు. ఆ పడవలోవి. ఎవరు దిగినా వాళ్ళ మాస్కులోకి ఇవే వస్తాయి. అతనికి ఇద్దరు చిన్న పిల్లలు."

"మేస్త్రీకి ఆ మాట చెప్పు."

"విన్నాడా ఇప్పుడు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వదిన స్టూలు మీద కూర్చుంది, లేచింది. అల్మారా దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. చివరికి వీధి వైపు అద్దాల్లో అలంకారానికి వేలాడదీసిన మాస్కు విప్పి తెచ్చింది. ఎండకి వెలిసిపోయిన నీలం రంగు, గట్టిపడిన అంచు, గేదె మొహానికైనా వదులయ్యేంత వెడల్పు.

"ఇది నాకు సరిపోదు," అన్నాడు మరిది.

"నాకు కళ్ళున్నాయి. పెట్టుకో."

గాలి పీల్చి చేతులు వదలగానే అది జారి ఒళ్ళో పడింది. మళ్ళీ ఆనించి చేతులతో నొక్కి పట్టుకుని పీల్చాడు. రెండు కణతల పక్క నుంచీ నీళ్ళు చిమ్మాయి. కళ్ళ దాకా వచ్చి ఆగిపోయాయి. ఇద్దరూ టబ్బు పైనున్న అద్దంలోకి వంగి చూశారు. లేత ఆకుపచ్చ నీళ్ళు. వాటిలో ఎండ తళతళమంటోంది. పోగంత నాచు ఒకటి తేలుతోంది. డీజిల్ వాసన లేదు.

"ఇవి పైనీళ్ళు," అన్నాడు మరిది గొంతు తగ్గించి.

"ఊఁ."

"దీంతో లోపలికి వెళ్ళలేను."

"వెళ్ళలేవు. దిగుతావు, కళ్ళు మండి పైకొస్తావు. సర్దుకుని మళ్ళీ దిగుతావు, మళ్ళీ వస్తావు. దిగనంటే పొడుగాయన్ని వెంటనే దింపుతారు. దిగుతూ ఉన్నావనుకో, కాసేపు ఎవరూ దిగరు."

"నవ్వుతారు వదినా. బుడుంగుకి మాస్కు కట్టుకోవడం కూడా రాదంటారు. ఇంక జన్మలో పిలవరు."

"నన్నూ అంటారు. సొంత మరిదికి కారే మాస్కు అంటగట్టింది, ఇదేం కొట్టంటారు. ఇద్దరం పడదాం."

వెనక యంత్రం ఆగింది. "ఏంటి, అంత నిశ్శబ్దంగా ఉంది?" అని అన్న కేకేశాడు.

"ఏం లేదు, తమ్ముడికి మాస్కు చూస్తున్నాం."

"దొరికిందా?"

వదిన మరిది వైపు చూసింది. అతను నీలం మాస్కు వంచి నీళ్ళు టబ్బులో పోసి సంచిలో పెట్టుకున్నాడు.

"దొరికింది," అంది వదిన.

మర్నాడు పొద్దున సముద్రం పలకలా ఉంది. పని పడవ నుంచి మునిగిన పడవకి కట్టిన తాడు పట్టుకుని బుడుంగు దిగాడు. ఇంజను గది తలుపు చీకటిగా కనిపించేసరికి మాస్కులో నీళ్ళు కళ్ళ దాకా వచ్చాయి. పైకొచ్చాడు. పట్టీ బిగించి మళ్ళీ దిగాడు. ఈసారి తలుపు దాకా కూడా వెళ్ళలేదు.

"అన్ని మాస్కులు చూసి ఈ తట్ట కొన్నావా?" అని మేస్త్రీ అరిచాడు.

"చెవిలోంచి కారుతోందేమో చూడండ్రా," అన్నారెవరో. పడవ మీద వాళ్ళంతా నవ్వారు. బుడుంగు నిచ్చెన పట్టుకుని, ఉప్పునీళ్ళకి ఎర్రబడిన కళ్ళతో ఊరుకున్నాడు.

"నువ్వు పైకి రా. పొడుగాయనా, నువ్వు కట్టుకో."

పొడుగాయన సూటు జిప్పు గొంతు దాకా లాక్కుని, మెడలో మంచి మాస్కు వేసుకుని నిచ్చెన దగ్గరికొచ్చాడు. బుడుంగు నిచ్చెన వదల్లేదు.

"ఒక్కసారి, మేస్త్రీగారూ. ఈ ఒక్కసారి చూస్తాను."

"తప్పుకోరా!"

"ఒక్కసారండీ. కాళ్ళు పట్టుకుంటాను."

"ఎవరి కాళ్ళురా, సగం నీళ్ళలో ఉండి..." మేస్త్రీ అతని భుజం పట్టుకుని లాగబోయాడు. తాడు ఒక్కసారి బిర్రబిగుసుకుంది. పని పడవ ఒక పక్కకి ఒరిగింది. నవ్వుతున్నవాళ్ళు నోళ్ళు మూసి, దొరికింది పట్టుకున్నారు. కింద ఎక్కడో ఇనుము మూలిగింది. ఆ చప్పుడు చెవులకన్నా ముందు కాళ్ళకి తెలిసింది. తాడు తెగి గాల్లో కొరడాలా ఝళిపించింది. గది తలుపు ఉన్నచోట నుంచి పెద్ద బుడగ ఒకటి లేచి పగిలింది. దాని వెనకే నల్లటి నీళ్ళు తుప్పు పెచ్చులతో పైకొచ్చి నెమ్మదిగా పరుచుకున్నాయి. మునిగిన పడవ అడుగున బోర్లా పడింది.

మేస్త్రీ చెయ్యి ఇంకా బుడుంగు భుజం మీదే ఉంది. కాసేపటికి ఆ చెయ్యి అతన్ని చంక కింద పట్టుకుని పడవలోకి లాగింది. పొడుగాయన ఆ నల్లనీళ్ళని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గొంతు దగ్గర జిప్పు పట్టుకుని, మెల్లగా కింది దాకా లాగేశాడు.