అచ్చు లేని మీటలు

తడిగుడ్డ పిండుతుండగా కుడి మణికట్టులో చురుక్కుమంది. కొన్ని నెలలుగా చిటికెన వేలి దగ్గర మొదలై మోచేతి దాకా పాకుతున్న నొప్పే అది, కొత్తదేం కాదు. కానీ ఆ రోజు వేళ్ళు ముడుచుకోమని మొరాయించాయి. గుడ్డ బకెట్లోకి జారవిడిచి, చెయ్యి పొట్టకి అదుముకుని అక్కడే కూలబడ్డాను. గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తయ్య, "నీళ్ళు అటు కారుతున్నాయమ్మా, ఎవరైనా జారిపడగలరు" అన్నారు.

డాక్టరమ్మ నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "రోజంతా చేతులతో ఏం పని చేస్తుంటారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా పక్క కుర్చీలోంచి మా ఆయన, "టైపింగండీ. ఇంట్లో కూర్చునే" అన్నారు. ఆవిడ తలూపి, నరం నలుగుతోందనీ, చేతులకి విశ్రాంతి ఇవ్వకపోతే ముందుముందు పట్టు పోతుందనీ చెప్పింది. బయటికి రాగానే ఆయన నిర్ణయం చేసేశారు.

"ఆ ఉద్యోగం మానెయ్. టైపింగే కదా! దానికోసం చేతులు పోగొట్టుకుంటావా ఏమిటి?"

ఆ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. వీధి మలుపు దాటాక ఏదో గుర్తొచ్చినట్టు, "నా పుస్తకం ఒక్కటి అయ్యేదాకా మాత్రం కాస్త ఓర్చుకోవాలి మరి" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి సింకు నిండా గిన్నెలు. చేతులకి విశ్రాంతి అన్న మాటని మా ఇంట్లో అందరూ ఒకే అర్థంలో తీసుకున్నారు. కూరలు తరగడం, బట్టలు జాడించడం, నేల తుడవడం చేతులతో చేసే పనులు కానట్టే. గిన్నెలు తోముతూ ఆలోచించాను. ఈ చేతులు చేసే ఇన్ని పనుల్లోనూ నాకు జీతం వచ్చేది ఒక్కటే. మానెయ్యమన్నది సరిగ్గా దాన్నే.

నా ఉద్యోగం వినడం, విన్నది రాయడం. ఎక్కడెక్కడివో సమావేశాలు, విచారణలు, ఇంటర్వ్యూలు రికార్డు చేసి కంపెనీవాళ్ళు పంపిస్తారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, దగ్గులూ నసుగుళ్ళూ ఏరి పారేసి, చదవదగ్గ మాటలుగా టైప్ చేసి పంపాలి. మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళాక ఖాళీ అయిన గది, ఎవరూ ఎవరినీ అడగకుండానే, ఆయన చదువుకునే గది అయిపోయింది. నాకు భోజనాల బల్ల మూల మిగిలింది. రోజంతా నా చెవుల్లో మనుషులు మాట్లాడుతూనే ఉంటారు. వాదించుకుంటారు, నవ్వుతారు, ఒక్కోసారి ఏడుస్తారు. వాళ్ళలో ఒక్కరూ నాతో మాట్లాడరు. ఇయర్‌ఫోన్లు తీస్తే ఇంట్లోవాళ్ళు "టీ" అనో, "కళ్ళజోడు" అనో ఒక్క మాటతో సరిపెడతారు. క్రియ నేను కలుపుకోవాలి.

ఆదివారాలు మా ఆయన పుస్తకానివి. ఆయన కాలేజీలో ఆర్థికశాస్త్రం లెక్చరరు. పిల్లలకి పాఠాల పుస్తకం రాస్తున్నారు. రాయడమంటే, పడక్కుర్చీలో వాలి ఆయన చెబుతారు, నేను టైప్ చేస్తాను. చెబుతూ చెబుతూ మధ్యలో వదిలేసిన వాక్యాలని నేనే ముగిస్తాను. అది నచ్చకపోతే లేచి వచ్చి, నా భుజం మీదుగా చెయ్యి చాచి, కుడివైపు పై మూలనున్న బ్యాక్‌స్పేస్ తనే నొక్కేస్తారు. అప్పుడు నా చేతులు కీబోర్డు మీదే ఉంటాయి. వాటిని జరగమని కూడా అనరు. ఇంతకు ముందు వేసిన పుస్తకంలో "టైపింగ్‌లో తోడ్పడిన నా శ్రీమతికి" అని కృతజ్ఞతలు రాశారు. ఆ వాక్యమూ నేనే టైప్ చేశాను.

ఉద్యోగం మాననని చెప్పలేదు. "చూద్దాంలెండి" అన్నాను. మా ఇంట్లో నాకు చాతనైన ఎదురుమాట అదొక్కటే.

మణికట్టు నొప్పికి ఏం చేస్తారా అని ఇంటర్నెట్‌లో వెతుకుతుంటే, కీబోర్డులు తామే అమర్చుకునే మనుషుల గుంపు ఒకటి కనబడింది. ముందు నవ్వొచ్చింది. పసిపిల్లల ఫోటోల్లాగా కీబోర్డుల ఫోటోలు పెట్టుకుని మురిసిపోతున్నారు. కొన్ని మధ్యకి చీలి రెండు ముక్కలుగా ఉన్నాయి, ఏ చేతి ముక్క ఆ భుజానికి ఎదురుగా. కొన్ని అరచేయి వంపులోనే వంగి ఉన్నాయి. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో ఎవరికి వాళ్ళే నిర్ణయించుకుంటారట. ఆ మాట చదివి నవ్వడం ఆపేశాను.

అక్కడ ఎవరికీ పేర్లుండవు, పేరుండాల్సిన చోట ఏదో ఒక బొమ్మ ఉంటుంది. నా నొప్పి గురించి రాస్తే, టీ కెటిల్ బొమ్మ పెట్టుకున్న ఒకావిడ జవాబిచ్చింది. ఎక్కడో ఒక ఆస్పత్రిలో రోగుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని ఆవిడది. ఆవిడ ముఖం నేను చూడలేదు, గొంతు వినలేదు. కానీ "ముందు చెప్పు, ఏ వేలు నొప్పి?" అని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

చిటికెన వేలు. మన తెలుగు కీబోర్డు అమరికలో గుణింతాలు ఎడమచేతి కింద, హల్లులు కుడిచేతి కింద ఉంటాయి. ఖ, ఘ, ధ, భలకీ, మాట మొదట వచ్చే అచ్చులకీ చిటికెన వేలితో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. అమ్మ, అత్తయ్య, ఆయన, ఇల్లు, దేన్ని తలచుకున్నా ముందు చిటికెన వేలు వంగాల్సిందే. అన్నిటికన్నా బలమైన బొటనవేళ్ళు మాత్రం స్పేస్ బార్ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటాయి. "మా ఇంట్లోనూ ఇదే పద్ధతి" అని రాస్తే, కెటిల్ పడీ పడీ నవ్వే బొమ్మలు పంపింది. ఎవరైనా నా మాటకి అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

తర్వాత అడిగింది, "సరే, నీకు ఏ అక్షరం ఎక్కడ కావాలి?"

నీకెక్కడ కావాలి అని నన్నెవరూ దేని గురించీ అడగలేదు. వంటింట్లో డబ్బాలు అత్తయ్య అలవాటు ప్రకారం ఉంటాయి. అందనివి స్టూలు వేసుకుని తీస్తాను. మంచంలో గోడవైపు నాది. ఫ్యాను స్పీడు ఆయనది. చివరికి, "అందరికీ వీలుగా ఎక్కడుంటే అక్కడే" అని రాశాను.

"అందరూ ఎవరు తల్లీ? ఆ మీటల మీద చేతులు పెట్టేది నువ్వొక్కదానివే కదా" అంది కెటిల్.

ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. టీ మరిగి పొయ్యి మీదికి పొంగింది.

మరుసటి రోజునుంచి పని చేస్తూనే నా వేళ్ళని గమనించడం మొదలుపెట్టాను. ఎంతదూరం పరుగెడుతున్నాయి, ఎక్కడ తడబడుతున్నాయి, ఏ అక్షరం దగ్గర పళ్ళు బిగిస్తున్నాను. ఇన్నేళ్ళూ ఇంట్లో అందరినీ ఇలాగే కనిపెట్టుకుని ఉన్నాను. ఎవరికి తలనొప్పి, ఎవరికి కోపం, ఎవరికి ఏ వేళకి ఏం కావాలి. నన్ను నేను కనిపెట్టుకోవడం అదే మొదలు. కాగితం మీద కొత్త అమరిక గీసుకుని, షిఫ్టునీ బ్యాక్‌స్పేస్‌నీ బొటనవేళ్ళ కిందికి దించాను. చేతికి దగ్గరైన చోట్లన్నీ నాకు రోజూ పనికొచ్చే అక్షరాలకి ఇచ్చాను. కుడివైపు పై మూల మీట ఒకటి మిగిలింది. వాఙ్మయం అనే మాట రాస్తే తప్ప పని పడని "ఙ"ని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాను. ఒక మీటకి మొత్తం వాక్యాన్నే అప్పజెప్పవచ్చని కెటిల్ చెప్పింది. ఆవిడ తన దాని మీద "ఇవాళ కుదరదు" అని పెట్టుకుందట. నేనేం పెట్టుకోవాలా అని మా ఆయనకి పంపిన మెసేజీలు వెనక్కి జరిపి చూశాను. సరేనండి, వస్తున్నానండి, సరేనండి. ఆ మీటని ఖాళీగా వదిలేశాను.

నా జీతంలోంచే విడిభాగాలు తెప్పించాను. పార్సిలు విప్పుతుంటే అత్తయ్య వచ్చి చూశారు. "ఇంట్లో ఒకటి ఉండగా ఇంకొకటి దేనికమ్మా? అదీ రెండు ముక్కలై వచ్చింది. తిరిగి పంపెయ్." మీటల మీద అక్షరాలు లేకపోవడం ఆవిడకి మరీ వింతగా తోచింది. అచ్చు వేసిన ఏ అక్షరమూ నేను పెట్టుకున్న చోటికి సరిపోదు, అందుకే ఖాళీవి తెప్పించానని చెబితే, "మరి నీకెలా తెలుస్తుంది?" అన్నారు. తెలుస్తుందన్నాను, ధైర్యంగానే.

తెలియలేదు. అన్నీ బిగించుకుని మొదలుపెట్టిన తొలిరోజుల్లో ఒక్క మాట తిన్నగా పడలేదు. నాకు అక్షరాలే రానట్టు, బడిలో మొదటి బల్ల మీద కూర్చున్నట్టు అయింది. కంపెనీలో మా పైఅధికారి, "ఏమైంది మేడం, స్పీడు పడిపోయింది? పని తగ్గించమంటారా?" అని మెసేజ్ పెట్టాడు. స్నానాల గదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడ్చాను. ఈ ఏడుపు ఎవరికి చెప్పుకోను? కీబోర్డు కోసం ఏడుస్తున్నానంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. కెటిల్‌కి రాశాను. చాలాసేపు జవాబు రాలేదు. డ్యూటీ అయ్యాక కాబోలు, "నేనూ ఏడ్చాను. ఒకరోజు వేళ్ళు వాటంతటవే వెళ్తాయి. అప్పటిదాకా నెమ్మదిగా తప్పులు చెయ్యి" అని రాసింది.

అన్నట్టే జరిగింది. ఎవరిదో విచారణ టైప్ చేస్తున్నాను. భర్త పొలం కాగితాల మీద తన సంతకం ఎవరు పెట్టారో తెలియదని ఒక ముసలావిడ చెబుతోంది. ఆవిడ మాటల్లో పడి మీటల సంగతే మరిచిపోయాను. ఆవిడ ఆగాక చూస్తే తెర మీద తప్పు లేకుండా ఉంది. చేతులు భుజాలకి ఎదురుగా, వదులుగా, హాయిగా ఉన్నాయి. నొప్పి పోలేదు కానీ దూరంగా వెళ్ళి కూర్చుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన కుర్చీలో వాలి పాఠం మొదలుపెట్టారు. జాతీయ ఆదాయం అధ్యాయం.

"రాసుకో. ఇంట్లో గృహిణి చేసే వంట, శుభ్రత, పిల్లల పెంపకం జాతీయ ఆదాయం లెక్కలోకి రావు. అవే పనులు జీతమిచ్చి మనిషిచేత చేయిస్తే వస్తాయి. అయిందా?"

అయింది. ఆయన నీళ్ళు తాగుతున్నంతలో నా వేళ్ళు ఇంకో వాక్యం కలిపాయి. ఎందుకు రావో విద్యార్థులు ఆలోచించాలి.

లేచి వచ్చి చదివారు. "ఇదెక్కడిది? నేను చెప్పలేదే?"

"మీరు చెప్పలేదు. నేను రాశాను."

"పరీక్షలో అడగని ప్రశ్నలు మనకెందుకు?" అంటూ అలవాటుగా నా భుజం మీదుగా చెయ్యి చాచి పై మూల మీట నొక్కారు. తెర మీద నా వాక్యం చివర "ఙ" వచ్చి కూర్చుంది. మళ్ళీ నొక్కారు. ఇంకో "ఙ". విసుగొచ్చి గట్టిగా నొక్కిపట్టారు. ఙఙఙఙఙ అంటూ ఆ అక్షరం పేజీ అంచుదాకా పాకింది. తన పుస్తకాలన్నిటిలో కలిపి ఆయన దాన్ని అన్నిసార్లు వాడి ఉండరు. నాకు నవ్వాగలేదు.

ఆయన నవ్వలేదు. "ఏమిటీ పిచ్చి? దీని మీద ఇంకొకళ్ళు పని చెయ్యాలంటే ఎలా?"

"ఇంకొకళ్ళు చెయ్యరండీ. నేనే చేస్తాను."

"మామూలుగా చేసెయ్ దీన్ని."

"నా చేతికి ఇదే మామూలు."

"మరి నా పుస్తకం?"

"మీ లాప్‌టాప్‌లో మీకు అలవాటైన కీబోర్డే ఉంది కదండీ. మిగిలినవి మీరే టైప్ చేసుకోండి. డాక్టరమ్మ చేతులకి విశ్రాంతి ఇమ్మంది. ఉద్యోగానికి వాడగా మిగిలిన చేతులు ఇంక ఇంతే ఉన్నాయి."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

కొంతసేపటికి లోపలినుంచి చప్పుడు మొదలైంది. ఒక్క వేలి చప్పుడు. టక్, చాలాసేపు నిశ్శబ్దం, మళ్ళీ టక్. "ఒత్తు ఎలా పెట్టాలోయ్?" అని కేక వినబడింది. అత్తయ్య గదిలోంచి వచ్చి తలుపు వైపూ నా వైపూ చూశారు.

"చెప్పరాదూ? పాపం, వెతుక్కుంటున్నాడు."

"వెతుక్కోనివ్వండి అత్తయ్యా. నేనూ వెతుక్కునే నేర్చుకున్నాను."

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. టీ అని కూడా ఎవరూ అడగలేదు. కెటిల్‌కి చెబుదామనుకున్నాను, ఆవిడ డ్యూటీలో ఉంది. పక్కగదిలో మనిషి ఒక్కో అక్షరం కోసం తడుముకుంటుంటే, అది ఎక్కడుందో తెలిసి కూడా చెప్పకుండా కూర్చోవడం ఏమంత సుఖంగా లేదు. ఒక్కదాన్నే ఉన్నట్టు ఇంతకుముందు ఎన్నడూ అంతగా అనిపించలేదు. అయినా లేవలేదు.