పంతొమ్మిదో వరస

మా అక్క అల్లికకు ఎవరూ ఎప్పుడూ వంక పెట్టలేదు. నా కుట్టుకు వంక పెట్టని వాళ్ళు లేరు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, వీధిలోవాళ్ళ ప్యాంట్లు పొట్టి చేస్తూ, నడుములు వదులు చేస్తూ ముప్పై ఏళ్ళుగా బతుకుతున్నాను. కుట్టు గట్టిదని ఒప్పుకుంటారు గానీ, విప్పాలంటే బట్ట చిరగాల్సిందేనని సణుక్కుంటారు. నా నోరూ అలాంటిదేనని అక్క అంటుంది. అందుకే నాకు పెళ్ళి కాలేదని కూడా అంటుంది. అది మాత్రం అబద్ధం, నేనే వద్దన్నాను.

అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. స్వెట్టర్ల కార్ఖానాలో నమూనాలు గీసేది. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో కుట్టు. అమ్మాయిలు అల్లి తెచ్చిన స్వెట్టర్లలో తప్పు ఎక్కడుందో గది అవతల నుంచే చెప్పేసేది. బావ పోయాక నా దగ్గరికి వచ్చేసింది. కిటికీ తెరవాలా ముయ్యాలా అని తొమ్మిదేళ్ళు కీచులాడుకుంటూ సుఖంగానే ఉన్నాం.

పోయిన ఏడాది డాక్టరమ్మ అక్కకు మతిమరుపు జబ్బని తేల్చింది. మెల్లగా పెరుగుతుందట, తగ్గడం ఉండదట. నేను ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడిచాను. అక్క ఏడవలేదు. నెల తిరక్కుండా, ఇలాంటి పెద్దవాళ్ళను చూసుకునే ఇల్లొకటి తనే వెతికి పట్టుకుంది. నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి గది ఎంచుకుంది, మంచం మీద కూర్చుని చూసింది, కాగితాల మీద సంతకం పెట్టింది. ఏ రోజు వచ్చేదీ తనే ఫోన్ చేసి చెబుతానని అక్కడి పెద్ద నర్సుకు మాటిచ్చింది.

"ఎప్పుడు చేస్తావు ఆ ఫోను?" బస్సులో అడిగాను.

"నీకో స్వెట్టర్ అల్లుతాను. రంగుల యోకుది. లెక్క తప్పకుండా అల్లగలిగినన్నాళ్ళు నీ దగ్గరే ఉంటాను. తప్పిన రోజు ఫోన్ చేస్తాను."

"ఇదేం పిచ్చి పందెం అక్కా."

"పందెం కాదే బుల్లీ. అక్కడికి నేను తెలిసి వెళ్ళాలి. నా బట్టలు నేనే సర్దుకుని, నీకు చెప్పాల్సింది చెప్పి, నా కాళ్ళతో నేను లోపలికి నడవాలి. ఎక్కడికి తెచ్చారో తెలియకుండా దిక్కులు చూస్తూ దిగడం నా వల్ల కాదు. ఆ ఒక్కటీ నాకు దక్కనివ్వు."

సరేనన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

ఈ రకం స్వెట్టరు మంచుదేశాల వాళ్ళ పద్ధతి. ఒంటి భాగం, రెండు చేతులు విడివిడిగా ఒకే రంగులో అల్లుకొచ్చి, చంకల దగ్గర మూడింటినీ ఒకే గుండ్రటి సూది మీదికి ఎక్కిస్తారు. అక్కణ్ణుంచి మెడ దాకా భుజాల చుట్టూ తిరిగేదే యోకు. అక్క గీసిన నమూనాలో బూడిదరంగు మీద తెల్లపువ్వులు, వాటి మధ్య ఎర్రటి ఆకులు. ఒక్కో వరసలో రెండు రంగుల దారాలూ చేతిలోనే ఉంటాయి. కాగితం మీది గడిని బట్టి ఒకటి ముందు కుట్టుగా పడితే రెండోది వెనకనుంచి సాగుతుంది. ఆ వెనక దారాన్ని వదులుగా పోనివ్వాలి, లాగితే బట్ట ముడుచుకుపోతుంది. పువ్వుకు పన్నెండు కుట్ల చొప్పున ఇరవైనాలుగు పువ్వులు. పైకి పోయేకొద్దీ కుట్లు తగ్గిస్తూ మొత్తం అరవై వరసలు. ఒక్క కుట్టు తప్పితే ఆ తర్వాతవన్నీ పక్కకు జరిగిపోతాయి.

పద్దెనిమిది వరసలు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. పంతొమ్మిదో వరస అయిన రోజు, మధ్యాహ్నం అక్క పడుకున్నాక, ఎంతవరకు వచ్చిందోనని బుట్టలోంచి తీసి చూశాను. పద్నాలుగో పువ్వు దగ్గర రేకు జారింది. అక్కణ్ణుంచి చివరిదాకా తెల్లకుట్లన్నీ ఆకుల మీద పడ్డాయి. అక్క అది చూసుకోకుండానే సూదిని చుట్టచుట్టి బుట్టలో పెట్టి, హాయిగా వెళ్ళి పడుకుంది. 

లేపి చూపించాలి. ఫోను ఆమె చేతికివ్వాలి. మాటిచ్చాను కదా. నేను మాత్రం తలుపు దగ్గరగా వేసి, ఆ వరస విప్పి, కాగితం ముందు పెట్టుకుని, చిన్నప్పుడు అక్క నేర్పిన అల్లికతోనే మళ్ళీ అల్లాను. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటే ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టి సాపు చేశాను. ఎప్పుడెప్పుడు దగ్గుతుందా అని పక్కగదికి ఒక చెవి వేసి, దొంగతనం చేస్తున్నట్టే చేశాను. దొంగతనమే మరి.

మర్నాడు పొద్దున్నే అక్క వేలితో పువ్వులు లెక్కపెట్టుకుని, "చూశావా, ఇవాళ్టికీ తప్పలేదు," అంది. ఆ మొహం చూశాక నేనిక వెనక్కి తిరగలేకపోయాను.

మొదట్లో వారానికి రెండు మూడు వరసలు సరిచేస్తే సరిపోయేది. తర్వాత రోజూ ఒకటి. చివరి పాతిక వరసల్లో అక్క కుట్టు ఒక్కటీ మిగల్లేదు. కొన్ని రోజులు ఎర్రదారం సంగతే మర్చిపోయి బూడిదరంగుతో చుట్టూ తిరిగొచ్చేది. స్టవ్వు మీద ఖాళీ గిన్నె పెట్టి వెళ్ళిపోయేది, నన్ను కార్ఖానాలో ఎవరి పేరుతోనో పిలిచేది. పొద్దున బుట్ట తియ్యగానే మాత్రం పువ్వులు వరసగా కనిపించేవి. ముందే సర్దిపెట్టుకున్న పెట్టెలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది. డాక్టరమ్మతో, "లెక్కలు బాగానే వస్తున్నాయండీ, ఇంకో ఏడాదికి ఢోకా లేదు," అని చెప్పింది. డాక్టరమ్మ నావంక చూసింది. నేను నా చేతిసంచి జిప్పు సరిచేసుకున్నాను.

అరవయ్యో వరస, మెడపట్టీ అయ్యాక, ఆరేసి చదును చేసిన స్వెట్టరును అక్క తనే నాకు తొడిగింది. ఆ రోజు ఆమె చాలా తేటగా ఉంది, కిటికీ గురించి కూడా పోట్లాడింది. స్వెట్టరు తలమీంచి దిగి భుజాల మీద ఆగిపోయింది. చేతులు ఎత్తబోయాను, మోచేతులు పైకి లేవలేదు. యోకు నన్ను పట్టేసింది.

"నా అల్లిక ఎప్పుడూ పట్టెయ్యదే," అంది అక్క.

"నేను లావయ్యాను."

"భుజాలు లావవ్వవు. విప్పు."

విప్పాను. తిరగేసి, వెలుతురు పడేలా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. వెనక దారాల మీద బొటనవేలు పెట్టి కింద నుంచి పైకి మెల్లగా తీసుకెళ్ళింది. కింద వదులుగా ఉన్న దారాలు ఒక వరస దగ్గర్నుంచి తీగల్లా బిగుసుకున్నాయి. వేలు అక్కడ ఆగింది.

"ఇది నీ చెయ్యి," అంది.

స్వెట్టరు ఆమె చేతుల్లోంచి తీసుకోబోయాను, వదల్లేదు. 

"ఎక్కణ్ణుంచి?"

"పంతొమ్మిదో వరస నుంచి."

"అంటే ఐదు వారాలు." లెక్క వెంటనే చెప్పింది, తప్పులేకుండా. "ఐదు వారాలు నాకు బాగుందనుకున్నానే. పెట్టె విప్పేశాను. నీకు చెప్పాలనుకున్నవి కూడా, ఇంకా టైముందిలే అని చెప్పకుండా దాచుకున్నాను."

"ఇప్పుడు చెప్పక్కా."

"ఇప్పుడు కోపంగా ఉంది. రేపు చెప్తాను. పొద్దున్నే ఆ నర్సుకి ఫోన్ చేద్దాం, గుర్తు చెయ్యి."

మర్నాడు నేను గుర్తు చెయ్యలేదు. కోపం తగ్గేదాకా, ఒక్క రోజు ఆగుదామనుకున్నాను. ఆమె అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. మూడోనాడు కుర్చీ మీదున్న స్వెట్టరు చూసి, ఎవరల్లారో గానీ బాగా బిగించేశారని, కార్ఖానాలో అయితే తిప్పి పంపేసేదాన్నని అంది. ఆ తర్వాతి వారం చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా వెళ్ళిపోతే మూలమీద మందులషాపాయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అప్పుడు ఫోన్ చేశాను, నేనే. పెట్టె కూడా నేనే సర్దాను.

వెళ్ళిన రోజు అక్క ఉత్సాహంగానే ఉంది. ఆటోలోంచి ప్రతి దుకాణం బోర్డూ పైకి చదివింది. పెద్ద నర్సు ఎదురొచ్చి, "ఈ గది మీరే ఎంచుకున్నారు కదండీ," అంటే, ముక్కూమొహం తెలియని మనిషి పలకరించినప్పుడు నవ్వినట్టు నవ్వింది. నేను బీరువాలో ఆమె చీరలు పెడుతుంటే మంచం అంచున కూర్చుని అంతా చూసింది. మడత సరిగ్గా లేదని ఒకటి తీసి మళ్ళీ మడిచింది. పని అయిపోయాక లేచి నిలబడి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"మంచి గదే బుల్లీ. వెలుతురు బాగా వస్తోంది. ఆవిడ కూడా నెమ్మదస్తురాలిలాగే ఉంది. నువ్వేం దిగులు పెట్టుకోకు. ఇక్కడ నిన్ను బాగా చూసుకుంటారు. అందరితో పోట్లాడకు, నీ నోరు నీకు తెలుసుగా. చిన్నప్పట్నించీ నిన్ను తిడుతూనే ఉన్నాను గానీ, నువ్వు లేకుండా నాకు ఒక్క పూట గడవలేదే. ఆదివారం వస్తాను."

నా బుగ్గ తడిమి, బల్ల మీదున్న నా చేతిసంచి భుజాన వేసుకుని, వరండాలోంచి గేటు వైపు నడిచింది. నిటారుగా, తన కాళ్ళతో తనే నడిచింది. గేటు గడియ మీద చెయ్యి వేసేదాకా నేను కదల్లేకపోయాను. పరుగెత్తుకెళ్ళి మోచెయ్యి పట్టుకున్నాను.

"నువ్వు కాదక్కా," అన్నాను. "వెళ్ళాల్సింది నేను."

ఆమె నా మొహంలోకి, తర్వాత గేటు బయటికి, మళ్ళీ నా మొహంలోకి చూసింది. ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేసుకోగలిగిన ఐదు వారాలూ నేనే వాడేసుకున్నాను.