పెరటి మేకుకు వేలాడిన చాప

నేను ఒక చాపను. తుంగ చాపను. చాపకు చేతులుండవు కనుక నా మాటలు వేరొకరు రాస్తున్నారు. ఆమె అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. ఒత్తు పడాల్సిన చోట పడకపోయినా, దీర్ఘం జారిపోయినా, కథ ఎడ్లబండిలా నడిచినా ఆమెను మన్నించండి. నేను మాత్రం ఇందులో ఎవరినీ మన్నించబోవడం లేదు.

వాగు ఒడ్డున నిలువెత్తు పెరిగిన తుంగను కోసి, చీల్చి, ఎండబెట్టి నన్ను నేశారు. అదే మగ్గం మీద, అదే తుంగతో ఇంకో రెండు చాపలు దిగాయి. ముగ్గురం ఒకే కట్టగా సంతకు వెళ్ళాం. మమ్మల్ని కొన్నది వెంగమ్మ, ఒక పొగాకు రైతు ఇంటి పెద్దావిడ. ఇంటికి తెచ్చి ఒకదాన్ని "ఇది చుట్టాలకి" అని అటక మీద పెట్టింది. ఇంకోదాన్ని "ఇది అబ్బాయికీ కోడలికీ" అని గదిలో పరిచింది. నన్ను మాత్రం "ఇది బయటికి" అని పెరటి వసారా గోడ మేకుకు తగిలించింది. ఆ క్షణం నుంచి నేను మైల. ఒకే వాగు నీళ్ళు తాగిన వాళ్ళలో ఒకరు అటక మీదికి, ఒకరు అంటరాని మూలకు ఎందుకు పోతారో తుంగకు అర్థం కాదు. మనుషులకు చిటికెలో అర్థమవుతుంది. వాళ్ళకు ఇలాంటివే బాగా అర్థమవుతాయి.

ఆ ఇంట్లో ఆడమనిషికి నెలసరి వస్తే మూడు రోజులు బయట ఉండాలి. నన్ను దించి వసారా చివర పరుచుకుని, వేరే కంచంలో తిని, నామీదే పడుకోవాలి. నాలుగో రోజు తలస్నానం చేసి, నన్నూ కడిగి, మళ్ళీ మేకుకు తగిలించాలి. గాలికి నా అంచు తగిలితే చాలు, వెంగమ్మ కొడుకు మాల్యాద్రి బావి దగ్గరికి పరిగెత్తేవాడు. పొగాకు కాల్చే బేరన్ కొట్టంలో మసి ఒంటినిండా పూసుకుని అన్నానికి కూర్చునే మనిషికి నేను మురికి!

పోనీ, ముట్టని దాన్ని చూడకుండా ఉన్నారా? వెంగమ్మ పొద్దున లేస్తే సూర్యుడి కన్నా ముందు నన్నే చూసేది. నేను నేల మీద కనిపిస్తే కోడలికి కడుపు లేదని ముఖం ముడుచుకునేది. రోజులు దాటినా మేకు మీదే ఉంటే కోడలు నీళ్ళోసుకుందని వీధిలోకి ఉరికేది. పంచాంగాన్ని కూడా ఆమె అంత నమ్మలేదు.

కోడలి పేరు శేషారత్నం. ఇద్దరు ఆడపిల్లలు. రెండో కాన్పులో రక్తం ఆగక, ట్రాక్టరు తొట్టిలో పరుపేసి పట్నం తీసుకెళ్ళారు. డాక్టరమ్మ బతికించింది. మాల్యాద్రిని పిలిచి, మళ్ళీ కడుపొస్తే మనిషి దక్కదని, ఆపరేషన్ ఇప్పుడే చేసేస్తానని చెప్పింది. "మా అమ్మని అడగాలి" అన్నాడు మాల్యాద్రి. ట్రాక్టరు నడిపేవాడు, పంచాయితీలో బల్ల గుద్ది మాట్లాడేవాడు, ఆ ఒక్క సంతకం దగ్గర పాలు తాగే పిల్లాడైపోయాడు. డాక్టరమ్మ మాటను ఊరి పొలిమేర దాకా మోసుకొచ్చి అక్కడే పారేశాడు. శేషారత్నం చెబితే వెంగమ్మ కొట్టిపారేసింది.

"డాక్టర్లు అట్టాగే అంటారు. నేను ఐదుగుర్ని కనలా? ఒక్క మగనలుసుని నా చేతిలో పెట్టు, తర్వాత కాశీకి పోతానన్నా పంపిస్తా."

పక్కింటి మస్తానమ్మకూ శేషారత్నానికీ తరచుగా ఒకే రోజుల్లో నెలసరి వచ్చేది. అలాంటప్పుడు మస్తానమ్మ తన చాప చంకన పెట్టుకుని మా వసారాకు వచ్చేది. మైల మైలను అంటదట. ఆ మూడు రోజులు వాళ్ళ దరిదాపులకు ఎవరూ రారు. ఆడవాళ్ళు చాటు లేకుండా మాట్లాడుకునే చోటును వాళ్ళకు కట్టిచ్చింది ఈ శుభ్రమైన మనుషులే. ఆ సంగతి వాళ్ళకే తట్టలేదు. అక్కడే, నామీదే, శేషారత్నం ప్రాణం గురించిన చర్చ జరిగింది.

"మాత్రలు మింగరాదంటే?" అంది మస్తానమ్మ.

"రోజూ మింగాలంట అక్కా. యాడ దాచను? మా అత్త బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టుద్ది, నా పెట్టెలో చెయ్యి పెట్టుద్ది."

"లూపు ఏయించుకో."

"అది లోపలి నించి ఎక్కి గుండెకాడికి పోద్దంటగా?"

"ఎవురు చెప్పారు?"

"మా అత్త."

"మీ అత్తకి గుండె సంగతేం తెలుసే? ఉంటే గదా తెలిసేది!"

శేషారత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "డాక్టరమ్మ కూడా నవ్వింది ఆ మాటకి. పైకి పోవడం ఉత్తదేనంట. అయితే నాకు రక్తం తక్కువ, దాంతో ఇంకా పోద్దని వద్దంది."

"పోనీ మీ ఆయన్ని నిరోధు వాడమను."

"అడిగా. 'నేనేమన్నా రోగిష్టోణ్ణా' అన్నాడు."

"మగాళ్ళ ఆపరేషన్?"

"అదీ అడిగా. పొగాకు బేళ్ళు ఎత్తే మనిషిని, నడుం పోద్దన్నాడు."

నడుము పోతుందని భయపడిన మనిషికి పెళ్ళాం పోతుందన్న భయం లేదు. ఇలాంటి వాళ్ళు నన్ను తాకి మైలపడతారట.

"నాకైతే మూడో కాన్పుకి చేశారు," అంది మస్తానమ్మ. "మొగపిల్లోడు పుట్టాడు గాబట్టి మా ఆయన ఎగిరి సంతకం పెట్టాడు. నీకు యాడుందే ఆ రాత?"

శేషారత్నం కాసేపు నా అంచు పీచు లాగుతూ కూర్చుంది. "నేను పోతే ఈ ఇద్దరికీ జడలెవరేస్తారక్కా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "మూడు నెలల సూది ఒకటుందంట. పొడిపించుకుంటే మూడు నెలలు భయం లేదంట. నెలసరి మటుకు అటూ ఇటూ అవుద్దంట, ఒక్కోసారి ఆగిపోద్దంట. దానికి బెదరొద్దంది."

"ఇంకేం! ఒంట్లో దాస్తే మీ అత్త యాడ ఎతుకుద్ది?"

నాలుగో రోజు నన్ను మేకుకు తగిలిస్తూనే శేషారత్నం చిన్నదానికి చెవి పోటు, పట్నంలో చూపించి వస్తానంది. ఒంట్లో దాచుకునే సూది అలా మొదలైంది. పట్నం నుంచి తిరిగి వచ్చిన చిన్నదాన్ని నాయనమ్మ అడిగితే, మిఠాయి చప్పరిస్తూనే "నొప్పే, నొప్పే" అని చెవి పట్టుకుంది. ఆ ఇంట్లో ఆడపిల్లకు మొదట నేర్పిన విద్య అది. అబద్ధమాడటం తప్పు అని తర్వాత బళ్ళో నేర్పారు.

రెండో సూదికి వెళ్ళాల్సిన రోజుల్లో బేరన్ ముట్టించారు. బేరన్‌లో ఆకు ఉన్నప్పుడు ఇంటి ఆడది ఊరు దాటకూడదు. సూది ఆలస్యమైంది. ఆ ఆలస్యంలోనే నేను మేకు మీద ఉండిపోయాను. ఒక నెల గడిచింది. రెండోదీ గడిచింది.

ఇక చూడాలి ఆ ఇంటి సంబరం. వెంగమ్మ మినుములు వేయించి సున్నుండలు చుట్టింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మా కోడలు నీళ్ళోసుకుంది, ఈసారి మగపిల్లోడే" అని చెప్పింది. ఎలా తెలుసంటే నా వైపు చెయ్యి చూపించింది. నాకు బొట్టొక్కటే పెట్టలేదు. మాల్యాద్రి మీసం మీద చెయ్యి వేసుకుని తిరిగాడు. డాక్టరమ్మ మాట అతనికి గుర్తురాలేదా? వచ్చింది. ఒకరోజు నీళ్ళ తొట్టి దగ్గర భార్య ఒంటరిగా కనిపిస్తే, "ఏం కాదులే" అన్నాడు. ఎవరికి ఏం కాదో చెప్పకుండా వెళ్ళిపోయాడు.

శేషారత్నం వచ్చి నా ముందు నిలబడేది. సూది వల్ల ఆగిందా, సూది ఆలస్యమైనందుకు కడుపే పడిందా? చెప్పమన్నట్టు చూసేది. నేనేం చెబుతాను? మేకుకు వేలాడే తుంగను. కానీ ఆ రోజుల్లో ఆమె చేసిన ఒక పని మాత్రం చూశాను. పెద్దదాన్ని వసారాలో కూర్చోబెట్టి, చెల్లెలికి జడ వేయడం నేర్పించింది. పాయలు వంకరపోతే విప్పి మళ్ళీ వేయించింది. మళ్ళీ, మళ్ళీ. ఎందుకో పిల్లలకు తెలియదు. వంటింట్లో సున్నుండలు తింటున్న పెద్దలకూ తెలియదు.

కడుపుతో ఉందని ఊరంతా చాటిన కోడలిని వెంగమ్మ ఇప్పుడు గడప దాటనివ్వడం లేదు. చివరకు మస్తానమ్మ పూనుకుంది. శేషారత్నం మూత్రాన్ని దగ్గుమందు సీసాలో పట్టించి, సంచిలో ఉల్లిపాయల కింద పెట్టుకుని, పరీక్ష చేయించడానికి పట్నం వెళ్ళింది. పేరు తనదే చెప్పింది. సాయంత్రం నేరుగా పెరటి వైపు వచ్చింది. వెంగమ్మ వీధి అరుగు మీద ఉంది.

"ఆ లాబు అబ్బాయి నన్ను ఎగాదిగా చూసి, 'ఆపరేషన్ అయిందన్నావు, మళ్ళీ ఈ అనుమానమేందమ్మా' అన్నాడే. 'మా ఆయన గట్టోడు నాయనా' అన్నా!"

"అక్కా, ముందు ఏమొచ్చిందో చెప్పు."

"ఏం లేదంట. నా కడుపు ఖాళీ అంట!"

శేషారత్నం ముఖం తుడుచుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చింది. నన్ను దించి, దులిపి, వసారా చివర పరిచి కూర్చుంది. ఆమెకు ఆ రోజు నెలసరి రాలేదు. ఆ సంగతి నాకూ మస్తానమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

వెంగమ్మ లోపలికి వచ్చి చూసింది. "ఏందే అది?"

"దూరమయ్యా అత్తా."

వెంగమ్మ ఊరంతా చెప్పుకున్న మాట ఇప్పుడు ఇంటింటికీ వెళ్ళి వెనక్కి తెచ్చుకోవాలి. కోపం పట్టలేక నన్నే తిట్టింది. "పాడు చాపా, నిన్ను కొన్న పూటే మంచిది కాదు!" చాపను తిట్టిన మనిషి, దగ్గరికి వచ్చి కోడలి ముఖం చూసే ధైర్యం చేయలేదు. వస్తే మైల. మైల అంటే వాళ్ళకు ఎంత భయమంటే, అబద్ధం కళ్ళ ముందు పరుచుకుని కూర్చున్నా మూడు మూరల దూరంలో ఆగిపోతారు.

ఆ నెల చెవి నొప్పి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చింది. నెలనెలా శేషారత్నం నన్ను పరిచి మూడు రోజులు కూర్చుంది. నా మీద ఒక్క మరక లేదు. ఆ మూడు రోజులు వెంగమ్మ వండేది, తోమేది, కంచం తెచ్చి దూరం నుంచి నెట్టేది. శేషారత్నం తిని, గోడ వైపు తిరిగి హాయిగా నిద్రపోయేది. నన్ను నేసినవాడు కోరుకున్నది అదేనేమో, మనిషి నిశ్చింతగా పడుకోవాలని. వెంగమ్మ మాత్రం కొండలెక్కి మొక్కింది, చెట్లకు ఉయ్యాలలు కట్టింది. దేవుళ్ళందరినీ అడిగింది. కోడలిని ఒక్కసారీ అడగలేదు. మనవడి కోసం నన్ను చూస్తూ చూస్తూనే పోయింది.

శేషారత్నం తన కూతుళ్ళను నా మీద ఒక్క పూట కూడా కూర్చోబెట్టలేదు. వాళ్ళు పెద్దమనుషులయ్యాక ఇంట్లోనే, మంచం మీదే పడుకున్నారు. మాల్యాద్రి చూసి ఏదో గొణిగాడు. తల్లి లేదు గనుక ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నాడు.

తర్వాత అతనూ పోయాడు. పెద్దకర్మ రోజు ఊరి పెద్దలు భోజనానికి వచ్చారు. చాపలు చాలలేదు. ఎవరో చుట్టాలబ్బాయి పెరట్లోకి వచ్చి, నన్ను మేకు మీద నుంచి లాగి, తీసుకెళ్ళి ముందు వరసలో పరిచాడు. మైలకు తీర్పులు చెప్పిన పెద్దమనుషులు ముగ్గురు నా మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. గారెలు అడిగి మరీ వేయించుకున్నారు. ఒక్కడూ స్నానానికి లేవలేదు. శేషారత్నం గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. పాపం, ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

భర్తకు చివరిదాకా ఏమీ తెలియలేదు. అడిగితే చెప్పేదేమో. అడగాలంటే వచ్చి నా మీద కూర్చోవాలి. అతనికి అంత దూరం నడిచే నడుము లేదు.

నా అంచులు చిరిగితే శేషారత్నం పాత చీర ముక్కతో కుట్టింది. ఇప్పుడు నేను ఆమెతో పాటే చిన్నకూతురి ఇంటి లోపల, కిటికీ కింద ఉంటాను. ఆమె నా మీదే కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుని అక్షరాలు దిద్దింది. ఇదీ నా మీద కూర్చునే రాస్తోంది. చిన్నదాని చెవికి ఎన్నడూ ఏమీ కాలేదు. జడ మాత్రం ఇప్పటికీ తల్లి చేతే వేయించుకుంటుంది.

రాసింది: శేషారత్నం, యాభై ఆరేళ్ళు. ఇప్పుడు పొదిలిలో చిన్నకూతురి దగ్గర ఉంటున్నాను.