ఎడమ కార్బరేటర్

దేవదాసు బొగ్గుబావిలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన వేసవిలోనే బెల్లంపల్లిలోని కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. సామాను చాలామటుకు మెట్‌పల్లిలో కట్టుకున్న కొత్త ఇంటికి చేరిపోయింది. వెనక రేకుల కింద పాత రాజ్‌దూత్ త్రీఫిఫ్టీ మాత్రం మిగిలింది. పెళ్ళికి ముందు ముచ్చటపడి కొనుక్కున్న బండి అది. ఒకప్పుడు దాన్ని కిక్కు కొడితే క్వార్టర్ల లైను చివరి ఇళ్ళ పిల్లలు కూడా పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఆరేళ్ళుగా దాని మీద టార్పాలిన్ తీసినవాళ్ళు లేరు.

ఆరేళ్ళ కిందట దేవదాసు కొడుకు సన్నీ ఆ బండి మీదే, స్నేహితుడు చింటూను వెనక కూర్చోబెట్టుకుని ఆసిఫాబాద్ నుంచి వస్తూ మలుపులో కల్వర్టు గోడను గుద్దాడు. సన్నీ కాలు విరిగింది. చింటూ అక్కడికక్కడే పోయాడు. "ఎక్సలేటర్ ఇడిసిపెట్టిన బాపూ, అయినా బండి ఆగలే" అని ఆస్పత్రి మంచం మీద సన్నీ పదేపదే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. అందరికంటే ముందు దేవదాసే నమ్మలేదు. "మంది పిల్లగాన్ని సంపి, తప్పు బండి మీదికి నూకుతున్నవా?" అన్నాడు, చుట్టాలందరి ఎదుట. కాలు అతుక్కున్నాక సన్నీ మస్కట్ వెళ్ళిపోయాడు. తల్లికి ఫోన్ చేస్తాడు. తండ్రితో మాట్లాడడు.

కరీంనగర్‌లో పాత బండ్లు బాగుచేసుకుని తిప్పుకునే అరుణ్‌కుమార్‌కు ఈ బండి సంగతి ఎలాగో తెలిసింది. వచ్చి చూసి తీసుకుపోతానన్నాడు. "ఇంజను నేను చూస్కుంటా అంకుల్. కార్బరేటర్లు మాత్రం మీరే విప్పి కట్టియ్యుండ్రి. ఇన్నేండ్లు మీ చేతుల ఉన్న బండి" అని రబ్బరు రింగులు, గాస్కెట్లు, కొత్త జెట్లు ఉన్న కిట్టు పంపించాడు. భార్య సరోజనకు కూడా ఆ బండి కళ్ళముందు నుంచి పోతే చాలనిపించింది. దేవదాసు పొద్దున్నే చాయ్ తాగి, పెరట్లో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాడు.

ఆ బండికి రెండు కార్బరేటర్లు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఒక్కోదాని లోపల బొటనవేలంత లావు స్లైడ్ ఉంటుంది. ఎక్సలేటర్ తిప్పితే అది పైకి లేచి గాలికి, పెట్రోలుకు దారి ఇస్తుంది. చెయ్యి వదిలితే స్ప్రింగు దాన్ని కిందికి నెట్టి దారి మూసేస్తుంది.

కుడిది విప్పాడు. పాత పెట్రోలు జిగురులా గట్టిపడి ఉంది. స్లైడ్ అడుక్కి దిగి, అక్కడే పట్టేసుకుంది. కిరోసిన్ పోసి నానబెడితే కాసేపటికి ఊడివచ్చింది. జెట్ల సన్న రంధ్రాల్లోకి నోటితో గాలి ఊది, వెలుతురుకు పెట్టి చూశాడు. పని చేతికి అలవాటైనదే. మనసు కూడా కాస్త నిమ్మళించింది.

ఎడమది విప్పి మూతిలోకి చూసినప్పుడు అతని చెయ్యి ఆగిపోయింది. స్లైడ్ అడుగున లేదు. సగానికి పైన, దారి తెరుచుకున్న చోటే ఆగిపోయి ఉంది.

వేలితో నొక్కాడు. కదలలేదు. కళ్ళజోడు తుడుచుకుని, టార్చి వేసి చూశాడు. స్లైడ్ మీది పూత ఒకచోట రేకులా లేచి, గోడకూ స్లైడ్‌కూ మధ్య చీలకొట్టినట్టు ఇరుక్కుంది. గోడ మీద నిలువునా లోతైన గీత పడింది. మూలనపడ్డ బండిలో జిగురుకు స్లైడ్ పట్టేసుకోవడం మామూలే. కానీ పట్టేసుకుంటే అడుగున పట్టేసుకుంటుంది, పక్కదానిలాగా. ఇది బండి నడుస్తుండగా, ఎక్సలేటర్ బాగా తిప్పి ఉండగా ఇరుక్కుంది. ఆనాడే ఇరుక్కుంది.

సరోజనను పిలిచి చూపించాడు. ఆమెకు కార్బరేటర్ గురించి ఏమీ తెలియదు. కానీ అతను చెప్పిందంతా విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

"పోరడు ఎంత మొత్తుకున్నడో. నువ్వు ఒక్కనాడన్న దాన్ని విప్పి సూడకపోతివి."

అతను సన్నీకి ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే ఎత్తలేదు. కూర్చోలేక, సరోజనకు చెప్పి, ఆ కార్బరేటర్‌ను ఉన్నదున్నట్టుగా గుడ్డలో చుట్టుకుని ఆసిఫాబాద్ బస్సెక్కాడు.

చింటూ తల్లి ఐలవ్వ అక్కడి మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. చావు నాటి నుంచి దేవదాసు ఆమె కంట పడకుండా తిరిగాడు. అతన్ని చూడగానే ఆమె ముఖం గట్టిపడింది.

"ఏం పనిమీద వచ్చినవ్?"

అతను గుడ్డ విప్పి చూపించాడు. మాటలు తడబడుతూనే అంతా చెప్పాడు. ఐలవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది. బొటనవేలు పెట్టి స్లైడ్‌ను నొక్కింది. మళ్ళీ నొక్కింది. వేలు తెల్లబడేదాకా నొక్కింది. అది దిగలేదు.

"గింత రేకు ముక్కకా నా కొడుకు పోయింది?"

"గంతే, ఐలవ్వా. మావోడు అబద్ధమాడలే."

"మరి గప్పుడే ఎందుకు సూడలే?"

"నమ్మలే."

"కన్నతండ్రివి, నువ్వే నమ్మలే. నేనెట్ల నమ్ముదు?" ఆమె దాన్ని టమాటల పక్కన పెట్టింది. "పొద్దున లేస్తే నీ కొడుకును తిట్టందే పొయ్యి ముట్టియ్య. గిన్నేండ్లు గట్లనే బతికిన. గిప్పుడు ఎవలను తిట్టాలె? గీ ఇనుప ముక్కనా?"

ఎవరో వచ్చి బెండకాయలు ఎట్ల అని అడిగితే ఆమె తక్కెడ అందుకుంది. అతను కార్బరేటర్ తీసుకుని బస్టాండుకు నడిచాడు.

ఇల్లు చేరేసరికి సరోజన ఫోన్లో మాట్లాడుతోంది. అతన్ని చూసి, స్పీకర్ ఆన్ చేసి ఫోన్ చేతికిచ్చింది. కొడుకు గొంతు దగ్గరగా విని ఎంతకాలమైందో.

"ఐలవ్వ దగ్గరికి ఎందుకు పోయినవ్ బాపూ?"

"నీ తప్పు లేదని చెప్పొద్దా బిడ్డా? తప్పు నాది. నిన్ను నమ్మలే."

"నీకు సగమే ఎర్క," అన్నాడు సన్నీ. "ఎక్సలేటర్ ఇరికింది నిజమే. కని నేను మస్తు స్పీడుల ఉన్న. చింటూగాడు మెల్లగ పోరా, భయమైతుందిరా అన్నడు. నేను నవ్విన. నవ్వి ఇంకింత తిప్పిన. మెల్లగ వస్తె క్లచ్ పట్టి ఆపుదును. టైం ఉంటుండె."

"మరి గప్పుడే చెప్పకపోతివి?"

"మొదటి మాటే నమ్మకపోతివి. రెండోది ఎవలకు చెప్పాలె బాపూ?"

దేవదాసు మెట్టు మీద కూర్చున్నాడు. కొడుకు మీద పడ్డ నింద తీసేశానన్న ఊరట ఒక్క పూటైనా నిలవలేదు. ఇప్పుడు సగం నిజం తన చేత్తోనే ఐలవ్వకు ఇచ్చి వచ్చాడు. సరోజన మాత్రం, "ఇగ ఊకో. ఆమెకు మల్ల ఏం చెప్పకు. ఎట్లనో ఒకతీరుగ సల్లబడనీ" అంది.

"నేను చెప్ప," అన్నాడు దేవదాసు ఫోన్లోకి. "అది నేను చెప్పే మాట కాదు. నువ్వే వచ్చి చెప్పు." సన్నీ ఫోన్ పెట్టేశాడు.

తర్వాత దేవదాసు కుడి కార్బరేటర్‌కు కొత్త రింగులు, జెట్లు వేసి బిగించాడు. ఎడమదాన్ని మాత్రం ముట్టలేకపోయాడు. శుభ్రం చేస్తే ఆ రేకు ఊడిపోతుంది. దాన్ని అలాగే ఉంచుకుంటానని, ఎడమదానికి వేరేది ఎక్కడైనా వెతుక్కొమ్మని అరుణ్‌కుమార్‌కు చెప్పాడు. అతను ఎందుకని అడగలేదు. బండిని ట్రాలీలో ఎక్కించుకుని పోయాడు.

వానలు మొదలయ్యాక, క్వార్టర్ ఖాళీ చేయడానికి ఇంకా కొన్ని రోజులు గడువుండగా సన్నీ వచ్చాడు. జుట్టు పలచబడింది. విరిగిన కాలును కొద్దిగా ఈడుస్తూ నడుస్తున్నాడు. మర్నాడు తండ్రీకొడుకులు ఆసిఫాబాద్ వెళ్ళారు. దారిలో కల్వర్టు వచ్చినప్పుడు సన్నీ కళ్ళు మూసుకున్నాడు. దేవదాసు అతని భుజం మీద చెయ్యి వేద్దామనుకుని, వేయలేకపోయాడు.

ఐలవ్వ సన్నీని చూసి తక్కెడ కింద పెట్టింది. సన్నీ తడి నేల మీదే, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. దేవదాసు కాస్త దూరం జరిగి, ఉల్లిగడ్డల బస్తాల పక్కన నిలబడ్డాడు. టార్పాలిన్ మీద వాన చప్పుడుకు కొడుకు మాటలు వినపడలేదు. చాలాసేపు సన్నీయే మాట్లాడాడు. ఒకచోట మాట ఆగింది. అప్పుడు ఐలవ్వ లేచి అతని చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. దేవదాసు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. సన్నీ చేతులు అడ్డం పెట్టుకోలేదు.

ఆమె అలిసిపోయి కూర్చుంది. సన్నీ చొక్కా కాలరు మాత్రం వదల్లేదు. దాన్ని అలాగే పట్టుకుని ఏదో అడుగుతోంది, అతను తల ఊపుతున్నాడు. మళ్ళీ అడుగుతోంది. చివరికి సన్నీ లేస్తుంటే ఆమె గొంతు పెంచింది. అది దేవదాసుకూ వినపడింది.

"రేపు మల్ల రా. ఇంక అడిగేటివి ఉన్నయ్. వాడు ఇంకేమేమి అన్నడో అన్నీ చెప్పాలె."

"వస్త," అన్నాడు సన్నీ.

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. ఆమె ఏమడిగిందని దేవదాసు అడగలేదు. కొడుకు చెంప మీద ఐలవ్వ వేళ్ళ అచ్చులు కనపడుతుంటే, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మర్నాడు సన్నీ పొద్దుటి బస్సుకే ఆసిఫాబాద్ వెళ్ళాడు, ఒక్కడే.