సగం రోడ్డు

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెకు బస్సులన్నీ డిపోల్లో నిలిచిపోయిన రోజులవి. దేవరుప్పుల నుంచి జనగామ పోయే రోడ్డు నిండా నడిచేవాళ్లే. గంపలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు, మేకలు తోలుకుపోయేవాళ్లు, ముసలివాళ్లను క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని సైకిలు తొక్కేవాళ్లు. ఆ రోడ్డు మీదే విద్యార్థులు సైకిల్ ర్యాలీ తీయాలనుకున్నారు.

ఆ మాట ముందు ఎత్తింది ప్రదీప్. డిగ్రీ ఆఖరి సంవత్సరం. మంచి గొంతు. అతను లేచి నిలబడితే ఎంత గోలైనా సద్దుమణిగేది. అఖిల అతనికంటే ఏడాది చిన్న, పక్క ఊరి పిల్ల. తోడబుట్టినవాళ్లు లేని అఖిల అతన్ని నోరారా అన్నా అని పిలిచేది. ఉద్యమం పనికి తండ్రి అడ్డు చెప్పినప్పుడల్లా "ప్రదీపన్న ఉంటడు గద బాపూ" అని గడప దాటేది. ఆ పేరు వింటే తండ్రి కూడా ఊరుకునేవాడు.

అంతకుముందు తీసిన మోటారు సైకిళ్ల ర్యాలీలో ఒక మేకపిల్ల చక్రం కింద పడింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కాపరి రోడ్డు పక్కన కూలబడితే ఒక్కరూ బండి ఆపలేదు. అది అఖిలను లోపల పీకుతూనే ఉంది. అందుకే సైకిల్ ర్యాలీ ముచ్చట వచ్చినప్పుడు లేచి నిలబడింది.

"ఒకరెనుక ఒకరు పోదామన్న, ఎడమ దిక్కే. సగం రోడ్డు నడిచేటోల్లకు ఇడిచిపెడదాం. బర్లు, మేకలు కనవడితే ఎనుకనుంచి బెల్లు కొట్టొద్దు, బెదురుతయి. వాగు మీది బ్రిడ్జి ఇరుకు, ఆడ దిగి నడిపిచ్చుకుంట పోదాం."

"ర్యాలీ తీస్తున్నమా, బడిపిల్లల లైను కడుతున్నమా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ప్రదీప్ నవ్వలేదు.

"చెల్లె చెప్పింది కరెక్టే. ఎవరికోసం కొట్లాడుతున్నమో వాళ్లనే తోసేసుకుంట పోతమా?" అన్నాడు.

నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. అఖిలకు కళ్లు చెమర్చాయి.

ర్యాలీకి ముందురోజు ఆమె సైకిలు వేసుకుని దారి పొడవునా తిరిగి కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పింది. వాగు దగ్గర పోచమ్మ కలిసింది. ఆ దగ్గరి గూడెం ముసలమ్మ, అఖిలకు బాగా తెలిసినామె. బస్సులు లేక బీరకాయల గంప నెత్తిన పెట్టుకుని జనగామ మార్కెట్‌కు నడుస్తోంది.

"రేపు నేను ఇంట్లనే ఉంట బిడ్డా. మీ జెండలోల్లు వస్తే మాకు జాగేడిది?" అంది పోచమ్మ.

"గట్లనకవ్వా. కుడి దిక్కంత మీదే. పైలంగ నడువు, నీ పక్కకు ఒక్క సైకిల్ రాదు. నేను మాటిస్తున్న."

పోచమ్మ ఆ పిల్ల మొహంలోకి కాసేపు చూసింది. "నువ్వంటున్నవ్ గనక వస్త" అంది.

పొద్దున ర్యాలీ ముచ్చటగా సాగింది. ప్రదీప్ ముందు, అఖిల అందరికన్నా వెనక. ఎడ్లబండి వస్తే లైను ఆగింది. పత్తిచేలలో కూలీలు నడుములెత్తి చేతులూపారు. ఒక రైతు నీళ్ల బిందె తెచ్చి రోడ్డు పక్కన పెట్టాడు.

బ్రిడ్జి అవతల టీవీవాళ్ల బండి నిలబడి ఉంది. ముందుగా బ్రిడ్జి దాటిన ప్రదీప్‌తో కెమెరా అతను ఏదో అన్నాడు. ప్రదీప్ వెనక్కి తిరిగి లైను వంక చూశాడు. సన్నగా, పొడుగ్గా ఉంది అది. అతను రెండు చేతులూ బార్లా చాపి ఊపాడు.

"దిగకుండ్రి! రోడ్డు నిండ రాండ్రి! జై తెలంగాణ!"

ఒక్కసారిగా లైను చెదిరింది. నినాదాలు, బెల్లులు, ఒకరిని దాటి ఒకరు ఇరుకు బ్రిడ్జి మీదికి. "అన్నా, వద్దన్నా! ఆపుండ్రి!" అని అఖిల గొంతు చించుకుంది. ఆ హోరులో ఎవరికి వినిపిస్తుంది? కుడి పక్కన, గోడ వారగా పోచమ్మ నడుస్తోంది. ఎవరిదో హ్యాండిల్ తగిలింది. గంప ఎగిరిపడింది. ముసలమ్మ గోడకు కొట్టుకుని చేతిమీద పడింది.

అఖిల చేరేసరికి బీరకాయలు చక్రాల కింద నలిగిపోయాయి. పోచమ్మ మణికట్టు వంకర తిరిగి ఉంది. ఏడవలేదు ఆమె. "నువ్వు చెప్పినవనే వచ్చిన బిడ్డా" అంది, అంతే.

ముందున్న ప్రదీప్ తిరిగి చూశాడు. చూసినట్టు అఖిలకు తెలుసు, ఇద్దరి కళ్లూ కలిశాయి. అయినా మొహం కెమెరా వైపు తిప్పుకుని పిడికిలెత్తాడు.

దవాఖానలో పోచమ్మకు కట్టు కట్టించి ఇద్దరూ బయట కూర్చున్నప్పుడు ప్రదీప్ వచ్చాడు, అరటిపళ్లు పట్టుకుని.

"ముసలమ్మే అడ్డమొచ్చిందని చెప్పు చెల్లె. లేకుంటె ఉద్యమం బద్నాం అయితది."

"అడ్డం రాలేదన్నా. నేను నడువుమన్న జాగల నడిసింది. చెయ్యి ఊపింది నువ్వు."

"గిసువంటి టైముల గిట్ల మాట్లాడ్తరా?" అని అతను విసురుగా లేచి వెళ్లిపోయాడు. పళ్లు బెంచీ మీదే ఉన్నాయి. పోచమ్మ వాటిని ముట్టలేదు.

మర్నాడు విద్యార్థి సంఘం మీటింగులో పెద్దవాళ్లు సంగతి అడిగారు. ప్రదీప్ నిలబడి, నెమ్మదిగా, ఎంతో బాధపడుతున్నవాడిలా చెప్పాడు. వెనక లైను చూసుకునే బాధ్యత అఖిలదని, పిల్ల కంగారుపడి చెదరగొట్టిందని, దాన్నెవరూ ఏమీ అనొద్దని. అఖిల చుట్టూ చూసింది. అతని చేతులు ఊగడం చూసినవాళ్లే అందరూ. ఒకడు చెప్పు కొసతో నేల గీకుతున్నాడు. ఇంకొకడు ఫోన్ చూసుకుంటున్నాడు.

"నాకు అన్న లేడనుకునేదాన్ని. ఉన్నడనుకున్న. లేడు" అని, ఆమె బయటికి నడిచింది.

ఉద్యమం మాత్రం వదల్లేదు. సొంత ఊళ్లో ఆడవాళ్ల దీక్షా శిబిరంలో కూర్చుంది. పోచమ్మ చెయ్యి బాగయ్యేదాకా ఆమె గంపను తన సైకిలు క్యారేజీకి కట్టి మార్కెట్‌లో దించి వచ్చింది. పోచమ్మ వద్దనలేదు గానీ, మునుపటిలా మాట కలపలేదు. చెయ్యి అతికింది, కొంచెం వంకరగానే. అఖిల చెప్పిన మాటకల్లా తలూపడం మాత్రం మానేసింది. దానికి అఖిల నొచ్చుకోలేదు. ఆ నమ్మకం తన చేతిలోంచే పోయిందని ఆమెకు తెలుసు.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తాలో రంగులు, డప్పులు. గులాబీ కండువాతో ప్రదీప్ మిఠాయి పంచుతూ ఎదురొచ్చాడు.

"సాధించినం చెల్లె!" అన్నాడు, ఏమీ జరగనట్టే.

అఖిల మిఠాయి తీసుకుంది. ఆ సంతోషం తనది కూడా. నోట్లో వేసుకుని, మింగాక అంది.

"అవును, సాధించినం. నన్ను చెల్లె అనకు."